పులస రోజుల్లో అయోడిన్ మాత్ర

2024 జూన్ 10న నా థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. ఆపరేషన్ గురించి ఎక్కువ చెప్పను. మెడ మీద ఒక గీత, మూడు రోజులు ఆసుపత్రి, వారం రోజులు గంజి. అంతవరకు నలుగురూ చెప్పారు, అలాగే జరిగింది. ఎవరూ చెప్పనివి ఆ తర్వాతి యాభై ఒక్క రోజులు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను రాజోలు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇరవై రెండేళ్లుగా ఏటా ఫిబ్రవరిలో, సిలబస్ ముగించే తొందరలో, ఒక వాక్యం ఒక్క ఊపిరిలో చెప్పేసి ముందుకు పోతుంటాను: "ఇనుము వరకు మూలకాలు నక్షత్రాల్లో కేంద్రక సంలీనం వల్ల పుడతాయి, అంతకంటే బరువైనవాటిలో చాలావరకు కేంద్రకాలు న్యూట్రాన్లను పట్టుకోవడం వల్ల పుడతాయి." పరీక్షలో రాదు కాబట్టి పిల్లలు రాసుకోరు. నేనూ దాని గురించి ఆలోచించింది లేదు.

జూన్ 19న బయాప్సీ రిపోర్టు వచ్చింది. పాపిలరీ క్యాన్సర్, పక్కనున్న రెండు లింఫ్ గ్రంథుల్లోకి కూడా పాకింది. డాక్టరు గారు "క్యాన్సర్లలో ఇది మంచిదమ్మా" అన్నారు. ఆ తర్వాత రెండు నెలల్లో కనీసం పదిమంది నాకు అదే మాట చెప్పారు. ధైర్యం చెప్పడానికే అన్నారని తెలుసు. అయినా విన్న ప్రతిసారీ ఒళ్లు మండింది. మిగిలిపోయిన థైరాయిడ్ కణాలను చంపడానికి 100 మిల్లీక్యూరీల (రేడియోధార్మికతకు కొలత) రేడియో అయోడిన్ మాత్ర ఇవ్వాలన్నారు. థైరాయిడ్ కణాలు ఎక్కడ దాక్కున్నా అయోడిన్ కోసం నోరు తెరుచుకుని ఉంటాయి. ఆ ఆకలినే వాడుకుంటారు. ఆకలి బాగా పెరగాలంటే రక్తంలో ఆ కణాలను ఉసిగొల్పే హార్మోను టీఎస్‌హెచ్ 30 దాటాలి. అది దాటాలంటే, గ్రంథి చేసే హార్మోనుకు బదులుగా ఇచ్చే థైరాక్సిన్ మాత్ర వేసుకోకూడదు.

గ్రంథి లేదు, మాత్రా లేదు. మొదటి రెండు వారాలు ఏమీ తెలియలేదు. మూడో వారం నుంచి మనిషిని నీళ్లలో నానబెట్టినట్టు అయ్యాను. బయట జూన్ ఉక్కపోత, నేను దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. కనురెప్పలు ఉబ్బాయి, గొంతు బొంగురుపోయింది. అన్నిటికంటే అవమానం ఒకరోజు కూరగాయల బండి దగ్గర జరిగింది. ముప్పై అయిదూ నలభై అయిదూ కలిపితే ఎంతో తేలక నిలబడిపోయాను. బండి అబ్బాయి నా పాత విద్యార్థే. "ఎనభై మేడమ్" అన్నాడు మెల్లగా. ఇంటికొచ్చి ఏడ్చాను.

జులై 1న విశాఖలో స్కాన్ చేశారు. చేతి నరానికి ఇచ్చే సూదిలో ఉన్నది టెక్నీషియం. ఆ పేరు వినగానే ఆ మొద్దు బుర్రలోనూ చిన్న దీపం వెలిగింది. ఈ మూలకానికి స్థిరమైన రూపం ఒక్కటీ లేదు. 1952లో పాల్ మెరిల్ అనే ఖగోళ శాస్త్రవేత్త కొన్ని ముసలి ఎర్ర నక్షత్రాల కాంతిలో దీని గీతలను గుర్తించాడు. అక్కడ ఉండదగిన టెక్నీషియం అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరగడానికి పట్టే కాలం, సుమారు 2 లక్షల ఏళ్లు, నక్షత్రం వయసు వందల కోట్ల ఏళ్లు. నక్షత్రంతో పాటు పుట్టినదే అయితే ఎప్పుడో అడుగంటి ఉండాలి. ఇంకా కనిపిస్తోందంటే ఆ పొయ్యి మీద వంట ఇప్పటికీ సాగుతోందన్నమాట. నాకిచ్చిన రకం అర్ధాయువు ఆరు గంటలే. కెమెరా కింద ఇరవై నిమిషాలు కదలకుండా పడుకున్నాను. బిల్లు 2,800. మెడలో కొంత కణజాలం మిగిలే ఉందని తేలింది. జులై 8న టీఎస్‌హెచ్ 48. అయోడిన్ మాత్రకు తేదీ జులై 24 ఇచ్చారు.

దానికి రెండు వారాల ముందు, అంటే జులై 10 నుంచి, అయోడిన్ లేని తిండి తినమన్నారు. కాగితం చేతికిచ్చారు. చేపలు, రొయ్యలు, పీతలు వద్దు. పాలు, పెరుగు, మజ్జిగ వద్దు. గుడ్డులో పచ్చసొన వద్దు. బేకరీ తిండి వద్దు. ఉప్పు వద్దు, అయోడిన్ లేని ఉప్పయితే ఫరవాలేదు. కాగితం చదివి మా అత్తయ్య, "ఇది రాసినవాళ్లది గోదావరి జిల్లా కాదు" అంది.

ఉప్పు కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వైద్యానికి వెళితే మీకూ ఇదే ఎదురవుతుంది. అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదని 2006 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. మా వారు రాజోలులో నాలుగు కొట్లు తిరిగారు. అడిగిన ప్రతి కొట్టువాడూ అయోడిన్ ఉన్న ప్యాకెట్టు తీసి, "ఇదే మంచిదండీ" అని గర్వంగా చూపించాడు. చివరికి ఆయనకు ఉపాయం తట్టింది. అంతర్వేది పల్లిపాలెంలో ఎండుచేపలకు వాడే రాళ్ల ఉప్పు రెండు కిలోలు సంచిలో తెచ్చారు. చేపల వాసన కొడుతున్న ఆ ఉప్పును అత్తయ్య మూడుసార్లు ఎండబెట్టింది. తీరా ఆసుపత్రికి ఫోను చేస్తే సముద్రపు ఉప్పు కూడా వాళ్ల పట్టికలో కుదరదన్నారు. అసలు సంగతి అప్పుడు చెప్పారు: ఆసుపత్రి ఎదురుగా మందుల షాపులోనే ఈ వైద్యం కోసం అయోడిన్ లేని ఉప్పు అమ్ముతారట, ప్యాకెట్టు నలభై రూపాయలు. జులై 1న స్కానుకు వెళ్లినప్పుడు ఆ షాపు మెట్ల మీదే కూర్చుని కొబ్బరినీళ్లు తాగాను. ప్యాకెట్టు విశాఖ నుంచి బస్సులో చేరడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ చప్పిడి కూడే. మీరు మాత్రం తిండి మొదలుపెట్టకముందే అడగండి.

ఆవకాయ కూడా పోయింది. ఏప్రిల్‌లో కలిపిన జాడీలో ఏ ఉప్పు వేశారో అత్తయ్యకు గుర్తు లేదు. కాబట్టి అనుమానితుల జాబితాలో చేరింది.

ఇక అదే వారం గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఎర్రనీరు వస్తే పులస వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలి అనే మాట మా వైపు ఊరికే పుట్టలేదు. జులై 17న ఎదురింట్లో పులుసు పెట్టారు. బెండకాయలు, వంకాయలు వేసి, మట్టిదాకలో, పొద్దున్న పెట్టి రాత్రికి తినేలా. ఆ వాసన మా పెరట్లోకి వచ్చి కూర్చుంది. నేను కొత్త ఉప్పు వేసిన పెసరపప్పు, బీరకాయ కూర తిన్నాను. ఇంట్లో వాళ్లెవరూ పులస ఊసెత్తలేదు. నా కోసం మానేశారని తెలుసు, దానికీ సిగ్గుగానే అనిపించింది.

పుస్తెలు అమ్మలేదు గానీ నాలుగు గాజులు తాకట్టు పెట్టాము, లక్షా ఇరవై వేలకు. ఆ బంగారం కూడా న్యూట్రాన్ల పుణ్యమేనన్న సంగతి ఆ రోజు బ్యాంకులో తట్టలేదు. తట్టినా వడ్డీ తగ్గేది కాదు.

జులై 22న ఫోను. "మేడమ్, ఈ వారం సరుకు రాలేదు. 31కి రండి." ఈ మందును ముందే తెచ్చి అల్మరాలో పెట్టుకోవడం కుదరదు. ఎనిమిది రోజుల్లో సగం అయిపోతుంది. ముంబయి నుంచి రోగి లెక్కకు తెప్పిస్తారు, బండి తప్పితే వారం ఆగాలి. భౌతికశాస్త్రం ప్రకారం సబబే. కానీ ఇంకో ఏడు రోజులు థైరాక్సిన్ లేకుండా, మజ్జిగ లేకుండా గడపాలంటే ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. మా అమ్మాయి నా చేతిలోంచి ఫోను తీసుకుని తనే మాట్లాడింది.

జులై 30న అద్దె కారులో బయలుదేరాము. పి. గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ గట్టుల నిండా ఉంది. అంతకుముందు వారం వరద లంకల్లోకి వచ్చి, అప్పుడే తీస్తోంది. నీళ్లు తీసిన అరటితోటల్లో ఆకులన్నీ బురద పూసినట్టు వేలాడుతున్నాయి. కారు రానూపోనూ 9,500.

మరునాడు పొద్దున్న పది గంటలకు గదిలోకి తీసుకెళ్లారు. 30 మిల్లీక్యూరీలు దాటితే ఇంటికి పంపకూడదట, విడిగా ఉంచాల్సిందే. గది మామూలుగానే ఉంది, తలుపు మాత్రం బరువు. మంచం, ఫోను, స్విచ్చులు, తలుపు గొళ్లెం అన్నిటికీ ప్లాస్టిక్ తొడిగారు. మరుగుదొడ్డి నీరు మామూలు కాలువలోకి పోదు, కింద తొట్టెల్లో నెలల తరబడి నిలవుంచి వదులుతారట. రేడియేషన్ చూసే భౌతికశాస్త్రవేత్త తణుకు కుర్రవాడు. ఏమి చదువు చెబుతారని అడిగాడు. చెప్పాను. అక్కడి నుంచి నాతో మాట్లాడే తీరు మారింది.

"ఇది ఎక్కడ తయారైంది బాబూ?"

"ముంబయి ట్రాంబే నుంచి వచ్చింది మేడమ్. ధ్రువ రియాక్టర్లో టెల్లూరియం పెడతారు. మీకు తెలిసిందేగా."

తెలియదు. అంటే సమీకరణం తెలుసు, ఆ టెల్లూరియం సంగతే ఎప్పుడో మరిచిపోయాను.

సీసపు కుండ లాంటిది తెచ్చాడు. పిడికిలంత కుండ, చేత్తో ఎత్తబోతే చేయి కిందికి లాగింది. అందులో గాజు గొట్టం, గొట్టంలో క్యాప్సూల్. జ్వరానికి వేసుకునేలాంటిదే, చూపుకు ఏ విశేషమూ లేదు. చేత్తో తాకకుండా గొట్టాన్ని పెదాలకు ఆనించి వంచుకోమన్నారు. డాక్టరు గారు, ఆ అబ్బాయి తెర వెనక్కి వెళ్లారు. భయమంతా ఆ క్షణంలోనే వేసింది. ఆపరేషన్ నాడు కూడా అంత వేయలేదు. నాకు మందు ఇచ్చేవాళ్లు దాని ముందు నిలబడలేక పక్కకు తప్పుకున్నారు, నేనేమో దాన్ని మింగాలి. గ్లాసుడు నీళ్లతో మింగాను. రుచి లేదు, మంట లేదు. నా ఒంట్లోంచి వచ్చే రేడియేషన్‌ను మీటరు దూరం నుంచి కొలిచాడు: గంటకు 190 మైక్రోసీవర్ట్‌లు. ఇంటికి పంపాలంటే అది 50 కంటే తగ్గాలి. తలుపు మూసుకుంది.

ఆ తర్వాత పని ఒక్కటే, నీళ్లు తాగడం, వెళ్లి రావడం. రెండేసిసార్లు ఫ్లష్ చేయాలి. మరునాటి నుంచి పుల్లటి బిళ్లలు చప్పరించమన్నారు, లాలాజల గ్రంథుల్లో అయోడిన్ నిలవ ఉండకుండా. నేను తీసుకెళ్లిన నిమ్మకాయలు ఇంటి నుంచి తెచ్చిన వాటిలో అన్నిటికంటే అక్కరకొచ్చాయి. చీర తీసుకెళ్లడం తెలివితక్కువ పని. పాత నైటీలు రెండు చాలు, వదిలేసి వచ్చినా బాధ ఉండదు.

టీవీ చూడబుద్ధి కాలేదు. పెన్ను, రెండు కాగితాలు అడిగాను. అన్ని వారాల తర్వాత మొదటిసారి లెక్క కుదిరింది, గంటన్నర పట్టినా సరే. 100 మిల్లీక్యూరీలంటే సెకనుకు 370 కోట్ల కేంద్రకాలు విచ్ఛిన్నం కావాలి. అర్ధాయువు 8 రోజులు. అంటే నేను మింగిన అయోడిన్-131 (ఆ అంకె కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) పరమాణువులు సుమారు 37 కోట్ల కోట్లు. బరువు చూస్తే ఒక మైక్రోగ్రాముకు తక్కువ, 0.8. చిటికెడు ఉప్పులో కలిపే అయోడిన్ దీనికంటే ఎక్కువ. మూడు వారాలు నా నోరు కట్టేసింది ఈ కాస్తకు పోటీ రాకూడదనే.

అప్పుడు టెల్లూరియం దగ్గరికి వచ్చాను. రియాక్టర్లో న్యూట్రాన్‌ను పట్టుకునేది టెల్లూరియం-130. ప్రోటానుకు ఆవేశం ఉంది, కేంద్రకం దాన్ని నెట్టేస్తుంది. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు కాబట్టి అడ్డు లేకుండా లోపలికి పోతుంది. అది చేరాక 131 అవుతుంది, చాలావరకు 25 నిమిషాల అర్ధాయువుతో ఒక న్యూట్రాన్ ప్రోటానుగా మారి అయోడిన్ అయిపోతుంది. మూలకం ఒక మెట్టు పైకెక్కింది. ఇరవై రెండేళ్లు ఒక్క ఊపిరిలో చదివేసిన వాక్యం ఇదే కదా! నక్షత్రాలు చేసేదీ ఇదే. మరి ఆ టెల్లూరియం-130 ఎక్కడిది?

నక్షత్రాల్లో రెండు తీరులున్నాయి. ఒకటి నిదానంగా సాగేది. న్యూట్రాన్లు అరుదుగా దొరుకుతాయి. కేంద్రకం ఒకటి పట్టుకుని, అస్థిరమైతే మూలకం మారి, కుదురుకున్నాక గానీ ఇంకొకటి రాదు. మామూలు ఏడాది గోదావరి లంక మీద పలచగా ఒండ్రు పరిచి పోయినట్టు. ఈ దారిలో టెల్లూరియం-126 ఇంకో న్యూట్రాన్ పట్టుకుంటే 127 అవుతుంది. దాని అర్ధాయువు తొమ్మిది గంటల చిల్లర. తర్వాతిది వచ్చేలోపే అయోడిన్-127 అయి పక్కకు తప్పుకుంటుంది. 130 దాకా చేరే ప్రసక్తే లేదు.

రెండోది వరద. 1986 ఆగస్టు వరద నాటికి నాకు ఏడేళ్లు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందని తర్వాత చదివాను. నాకు గుర్తున్నది మాత్రం తాతయ్య లంక పొలం. నీళ్లు తీశాక అక్కడ మోకాటి లోతు ఇసుక మేట. నెమ్మదిగా పరిచే తీరులో వందేళ్లకు రానిది నాలుగు రోజుల్లో వచ్చి పడింది. రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు జరిగేది అలాంటిదే. కేంద్రకం కుదురుకునే వ్యవధి ఇవ్వకుండా న్యూట్రాన్లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, సెకన్లలో ముగుస్తుంది. 82 న్యూట్రాన్ల దగ్గర కేంద్రకాలకు ఒక గట్టు ఉంది, అక్కడ ప్రవాహం మందగించి మేట వేస్తుంది. వరద తీశాక ఆ మేటలో మిగిలేవి టెల్లూరియం, అయోడిన్, జీనాన్. 2017 ఆగస్టు 17న 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో అలాంటి ఢీ ఒకటి గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో, విర్గో పరికరాలకు చిక్కింది. 2023 మార్చిలో కనిపించిన మరో పేలుడు వెలుగులో జేమ్స్ వెబ్ టెలిస్కోపు టెల్లూరియం జాడ చూపింది.

అంటే సూర్యుడు పుట్టకముందు ఎప్పుడో ఏదో వరదలో మేట వేసిన కేంద్రకానికి ట్రాంబేలో ఒక్క న్యూట్రాన్ కలిపి, నాకు పెట్టారు. కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాను. నిద్ర పట్టింది, చాలా రోజుల తర్వాత.

ఆగస్టు 1 పొద్దున్న 70. ఆగస్టు 2 పొద్దున్న 30. ఇంటికి వెళ్లవచ్చన్నారు. కాగితం తీసుకోబోతే కుర్రవాడు మైకులో, "మేడమ్, అది ఇక్కడే వదిలేయాలి. చేత్తో పట్టుకున్నారుగా" అన్నాడు. లెక్కంతా అక్కడే మిగిలిపోయింది. ప్లాస్టిక్ తొడిగిన ఫోను మాత్రం తొడుగు తీసి కొలిచి ఇచ్చారు. గది, మందు, తర్వాతి స్కాను అన్నీ కలిపి 62,000 అయ్యాయి. కారులో వెనక సీట్లో, డ్రైవరుకు ఎదురు మూలన కూర్చున్నాను. దవడల కింద నొప్పి, నోట్లో ఇనుప రుచి మొదలయ్యాయి. రుచి పూర్తిగా తిరిగి రావడానికి నెల పట్టింది.

ఇంట్లో పెరటి గది నాది. మా ఆడపడుచు కూతురికి ఏడో నెల, ఆమెను ముందే కాకినాడ పంపేశారు. అత్తయ్య ప్రేమగా అరిటాకు వేసి వడ్డించబోయింది. అది కూడదు, ఆకు చెత్తలో పడితే దానికి అంటిన అయోడిన్ కూడా దాని వెంట పోతుంది, నా కంచం నేనే విడిగా కడుక్కోవాలి. "ఆకుకి అంటు, కంచానికి అంటు లేదా?" అని ఆమెకు అర్థం కాలేదు. పాలు పోసే ఆవిడ మాత్రం గుమ్మం దాటకుండా చెంబు చేయి చాచి ఇచ్చేది. "ఒంట్లో కరెంటు ఎక్కించారటగా" అంది. నవ్వాను గానీ ఆ చాచిన చేయి రెండు మూడు రోజులు కళ్లలో మెదిలింది.

థైరాక్సిన్ ఆగస్టు 3న మొదలుపెట్టారు. వారం తర్వాత మెలకువ వచ్చినట్టు అనిపించింది. ఆగస్టు 7న మళ్లీ విశాఖ, ఒళ్లంతా స్కాను. మంగళసూత్రం తీసి మా వారి చేతిలో పెట్టాను. తెర మీద నా ఆకారం నల్లగా, మెడ దగ్గర మాత్రం మెరుపు. అయోడిన్ చేరాల్సిన చోటే చేరింది, ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. డాక్టరు గారి నోట ఆ మాట వినేదాకా ఆ తెర వైపు చూడలేకపోయాను.

వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16. నలుగురిలో కూర్చోవచ్చా అని తణుకు కుర్రవాడికి ఫోను చేశాను. మాత్ర మింగి పదహారు రోజులు, సరిగ్గా రెండు అర్ధాయువులు. ఒంట్లోంచి బయటకు పోయింది వదిలేసినా నాలుగో వంతే మిగలాలి, అసలైతే అంతకంటే ఎంతో తక్కువ. "కూర్చోండి మేడమ్, చంటిపిల్లలను మాత్రం ఒళ్లో పెట్టుకోకండి" అన్నాడు. రూపు కట్టిన కలశం ముందు కూర్చుంటే, ఆ రవ్వంత బంగారానిదీ ఆ వరదల పుట్టుకే కదా అనిపించింది. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

సెప్టెంబరు 2న కాలేజీకి వెళ్లాను. ఈసారి ఫిబ్రవరి రాకముందే ఆ వాక్యం ఎత్తుకుని, దాని దగ్గర రెండు పీరియడ్లు ఆగాను, సిలబస్ వెనకబడింది. చివరి బెంచీ కుర్రవాడు ఒకడు, "మరి మీలో అది ఇప్పుడు ఏమైంది మేడమ్?" అని అడిగాడు. జీనాన్-131 అయిందని, అది ఎవరితోనూ కలవని వాయువని, ఊపిరితో బయటకు పోతుందని బోర్డు మీద రాశాను. ముందు బెంచీ పిల్లలు కొంచెం వెనక్కి జరిగారు.

అప్పటికి పులస కూడా అయిపోయింది. మిగిలిన అయోడిన్ లేని ఉప్పును అత్తయ్య ఒక డబ్బాలో పోసి, మూతకు ఎర్రదారం కట్టి, పై అరలో పెట్టింది. ఏడాదికి మళ్లీ స్కాను ఉంటుందని, దానికీ ఇదే పథ్యం ఉండవచ్చని అన్నారు. ఆ మాట చెబితే ఆమె డబ్బా వైపు చూసి, "ఈసారి మటుకు ఎర్రనీరు రాకముందే చేయించుకో అమ్మాయ్" అంది.